ఆవకాయకు శిక్ష

కడుపులో మంటగా ఉందని ఎవరైనా నోరు జారితే చాలు, మన ఇళ్లలో విచారణ లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. కారం మానెయ్, టెన్షన్ పడకు! ఆ పూటే ఆవకాయ జాడీ అటకెక్కుతుంది. చప్పిడి పప్పుతో అన్నం పెట్టి, పైగా ప్రశాంతంగా ఉండమంటారు. గుంటూరు మనిషికి ఆ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో మరి. కారం తింటే మండుతుంది, కాదనను. మండటం వేరు, పుండు పడటం వేరు.

ఈ తీర్పుకు బామ్మలనే తప్పుపట్టలేం. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని పెద్దపెద్ద వైద్యులే దశాబ్దాలు బల్లగుద్ది చెప్పారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద కడుపు పొరలో వంకర బ్యాక్టీరియాను చూశాడు. కడుపులో పుండ్లకు, అంటే అల్సర్లకు, ఈ క్రిమే ముఖ్య కారణమని ఆయనా, ఆయన సహచరుడు బారీ మార్షలూ ఎంత మొత్తుకున్నా చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ విసిగిపోయి ఆ క్రిములు పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్దిరోజుల్లోనే వాంతులు, కడుపు పొరలో వాపు. 'టెన్షన్ వల్లే అయ్యుంటుంది' అని అప్పుడూ ఎవరో ఒకరు అనే ఉంటారు. హెలికోబ్యాక్టర్ పైలోరి అనే ఆ క్రిమి అమ్మోనియా పుట్టించుకుని, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసి హాయిగా కాపురముంటుంది. ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు.

ఆ కబురు మన వీధి చివరి మందుల షాపుకి ఇంకా చేరలేదు. "అన్నా, గ్యాస్ బిళ్ల!" అనగానే పాంటాప్రజోల్ షీటు చేతిలో పడుతుంది. క్రిమి ఉందని తేలితే ఆమ్లం తగ్గించే మాత్రకు యాంటీబయాటిక్స్ జోడించి, డాక్టరు చెప్పినట్టు ఓ 14 రోజులు వాడితే చాలామందికి అది వదిలిపోతుంది. 14 రోజుల్లో వదిలిపోయే రోగంలో దర్జా ఏముంది? ఏళ్లతరబడి పరగడుపున బిళ్ల వేసుకుంటేనే కదా నలుగురిలో చెప్పుకోవడానికి ఉండేది! ఇంకో తమాషా, ఈ బిళ్ల మింగుతూ క్రిమిని పట్టే ఊపిరి పరీక్షకు వెళ్తే లోపల క్రిమి ఉన్నా లేదని రావచ్చు. అందుకే రెండు వారాల ముందే ఆపమంటారు.

అల్సర్ కేసులో రెండో ముద్దాయి మోకాళ్ల నొప్పికి అడ్డూఅదుపూ లేకుండా మింగే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు. వాటినెవరూ అటకెక్కించరు. అవి ఆవకాయలా ఎర్రగా ఉండవు కదా. పరీక్ష మాటెత్తితే మాత్రం "దండగ ఖర్చు" అంటాడు మా వీధి పెద్దమనిషి, షాపులో గ్యాస్ బిళ్లల పాత బాకీ తీరుస్తూ.