నిచ్చెన ఎవరిదో, చూపు వారిదే

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీలలో మనవాళ్లకు వసంతం వచ్చిందని చెప్పేది కోయిల కాదు, వడగళ్లు. రాత్రి వాన వెలిసిందో లేదో, తెల్లారేసరికి గుమ్మం ముందు రూఫింగ్ కుర్రాడు. "మీ కప్పు పోయిందండీ, ఫ్రీగా చూసిపెడతాను." ఇంట్లో ఒక్క చుక్క కారలేదు. అయినా పోయిందట.

చిక్కేమిటంటే, అతను చెప్పింది నిజమే కావచ్చు. వడగల్లు తగిలినచోట షింగిల్ మీది రవ్వ రాలి, కింది ఫైబర్‌గ్లాస్ పొర కమిలిపోతుంది. ఎండకు ఎండి వానకు నాని, ఏ రెండు మూడేళ్లకో అటకలో మరక తేలుతుంది. చాలా పాలసీలేమో ఏడాదిలోపే చెప్పమంటాయి. అంటే కనబడనప్పుడు క్లెయిమ్ పెట్టాలి, కనబడ్డాక నోరు మూసుకోవాలి.

పోనీ చెప్పినవాడి మాట నమ్ముదామా? టెక్సస్‌లో క్షవరం చెయ్యడానికి లైసెన్సు కావాలి, రూఫింగ్‌కి రాష్ట్రం లైసెన్సే అడగదు.

క్లెయిమ్ పెట్టాక బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ వస్తాడు. సుద్దముక్కతో పదడుగుల చదరం గీసి అందులో దెబ్బలు లెక్కపెడతాడు. రూఫర్‌కు పన్నెండు కనబడ్డచోట ఈయనకు మూడే. తక్కినవి? కొన్ని వయసు మచ్చలు, కొన్ని ఎండకు లేచిన బొబ్బలు, కొన్ని ఎవరో నడిచిన గుర్తులు. (ఎవరు నడిచారయ్యా అంటే, నిన్న రూఫర్, ఇవాళ తను.) వెంట్ల మీద సొట్టలు చూపిస్తే, అది అందానికి జరిగిన నష్టమేనంటాడు, పాలసీలో అందానికి కవరేజీ లేదంటాడు. ఇంటాయన కింద పచ్చికలో మెడ పైకెత్తి నిలబడి ఉంటాడు. రూఫర్‌ను కూడా అదే వేళకు రప్పించుకుని, తేదీలతో ఫొటోలు తీయించుకున్నవాడికి మళ్లీ ఇన్‌స్పెక్షన్ అడిగే ధైర్యమైనా ఉంటుంది. మనవాళ్లు ఆ టైముకు మీటింగులో ఉంటారు.

సరే, క్లెయిమ్ ఒప్పుకున్నారనుకుందాం. కప్పుకు 18,000 డాలర్లు. పాతబడినందుకు 6,000 పట్టుకున్నారు. ఇక మన జేబులోంచి పోయే డిడక్టబుల్ రెండు శాతం. నష్టంలో రెండు శాతమే కదా అని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాం. కాదు, ఇంటి బీమా విలువలో! ఇల్లు 5,00,000కు రాసి ఉంటే 10,000. చేతికొచ్చే మొదటి చెక్కు 2,000. ఆ పట్టుకున్న 6,000 పని పూర్తిచేసి బిల్లులు పంపాకే, అదీ పాలసీలో రీప్లేస్‌మెంట్ కాస్ట్ అని ఉంటేనే.

"డిడక్టబుల్ సంగతి మాకొదిలెయ్ అన్నా" అంటాడు రూఫర్. 2019 నుంచి టెక్సస్‌లో రూఫర్ అలా అనడం నేరం. డిడక్టబుల్ కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగనూవచ్చు. వాట్సాప్ గ్రూపుకు ఇంకా ఆ కబురు అందినట్టు లేదు: "మా వాడు చాలా మంచోడు బ్రో, జేబులోంచి పైసా తీయక్కర్లేదు."

ఈలోగా రెన్యువల్ వస్తుంది. ప్రీమియం పెరిగింది. క్లెయిమ్ పెట్టినవాడికీ, పెట్టనివాడికీ, పెట్టి కాదనిపించుకున్నవాడికీ. బిల్లు వేసేటప్పుడు మాత్రం కంపెనీకి వడగళ్లు ఊళ్లో అందరి కప్పుల మీదా స్పష్టంగా కనబడ్డాయి.