ఆదివారానికీ లీవు లెటరు

సెలవు నిబంధనల్లో ఆదివారాలు రెండు రకాలు. శనివారం, సోమవారం డ్యూటీకి వచ్చినవాడి ఆదివారం వీక్లీ ఆఫ్. ఆ రెండు రోజులూ రానివాడి ఆదివారం అతని ఖాతాలోంచి కోసుకునే లీవు. ఆఫీసుకు తాళం వేసి ఉన్నా సరే, గైర్హాజరైంది ఉద్యోగే. చాలా ప్రైవేటు కంపెనీల్లో ఈ విద్య పేరు శాండ్‌విచ్ లీవ్.

రఘునాథపల్లి లాంటి ఊరి మనిషికి దీని రుచి సంక్రాంతి నుంచి ఉగాది దాకా తెలుస్తుంది. ఆ రోజుల్లో జరిగే కొమురవెల్లి మల్లన్న జాతరకు ఆదివారాలే ముఖ్యం. హైదరాబాదులో కొలువు చేసేవాడు బోనం ఏర్పాట్లకు శనివారం, తిరుగు ప్రయాణానికి సోమవారం లీవు పెడితే మూడు రోజులు పోతాయి. గుడిలో మల్లన్నకు పట్నం ముగ్గు వేసిన రోజుకే హెచ్‌ఆర్‌ లెక్క వేస్తుంది.

వరుసగా రాకపోతే పని దెబ్బతింటుందన్నది కంపెనీల వాదన. ఆదివారం ఎవరూ చేయని పని ఒక్కడు రానందుకు ఎలా దెబ్బతింటుందో మాత్రం చెప్పరు. ఒక వారం శనివారం, మరో వారం సోమవారం మానేస్తే కోత రెండు రోజులే. అందుకే తెలివైనవాళ్లు సోమవారం పొద్దున పంచింగ్ చేసి, మధ్యాహ్నానికి కడుపునొప్పి తెచ్చుకుంటారు.

రాష్ట్ర సర్కారు కొలువులో పద్ధతి ఇంకాస్త సున్నితం. క్యాజువల్ లీవు మధ్యలో వచ్చిన ఆదివారం లీవు కాదు. కాకపోతే సెలవులన్నీ కలిపి పది రోజులు దాటకూడదు. అదే ఆదివారం ఆర్జిత సెలవు మధ్యలో పడితే లీవే. ఆ సెలవుకు ముందో వెనకో అనుమతితో జోడించుకుంటే మళ్లీ ఉచితం. మధ్యలో చిక్కడమే దాని నేరం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ గొడవ పెట్టుకోలేదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికుడికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతన సెలవు ఇచ్చి, మధ్యలో గానీ చివర్లలో గానీ వచ్చే సెలవు దినాలను అందులో లెక్కించరాదని 79వ సెక్షన్‌లో రాసింది. అంతకు ముందే, 1890లో, నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఆదివారం సెలవు సాధించుకున్నారు. వాళ్లు పోరాడింది విశ్రాంతి కోసం. శని, సోమవారాల హాజరుకు బహుమతి కోసం కాదు.

శాండ్‌విచ్ నిబంధన ఒక వైపే పనిచేస్తుంది. ఆదివారం మేనేజరు ఫోన్ చేసి రెండు గంటలు పని చేయించుకుంటే ఉద్యోగి ఖాతాలో ఏమీ కలవదు. ఎందుకంటే అది వీక్లీ ఆఫ్. వీక్లీ ఆఫ్‌కు లెక్కలుండవు.