నా పొడవు 151

నా తోక దగ్గర చిన్న అంకెలతో 151 అని అచ్చు వేసి ఉంటుంది. అవి సెంటీమీటర్లు. నా జాతకమంతా ఆ మూడంకెల్లోనే ఉంది. నాలుగు శీతాకాలాలు మంచు మీద దొర్లి, ఇనుప కమ్మీల మీద జారి, ఇప్పుడు డెన్వర్‌లో ఓ అపార్ట్‌మెంట్ బాల్కనీ గోడకు చేరబడి ఉన్నాను. స్నోబోర్డుకు తెలుగెలా వచ్చిందంటారా? నన్ను కొన్నవాడిది ఖమ్మం. శనివారం వచ్చిందంటే అతని కారులో పడుకుని కొండకు వెళ్లేదాన్ని. వెళ్లేటప్పుడు తెలుగు పాటలు, వచ్చేటప్పుడు రూమ్మేట్లతో తెలుగు వాదనలు. వినగా వినగా వచ్చేసింది.

నేను పుట్టింది ఆస్ట్రియాలో ఓ కర్మాగారంలో. నా కడుపులో ఉన్నది పాప్లర్ చెక్క. సన్నటి బద్దలు పక్కపక్కన అతికించి, పైనా కిందా గాజునార గుడ్డ పరిచి, ఎపాక్సీ జిగురు పూసి, అడుగున నున్నటి పాలిథిలీన్ పొర, చుట్టూ ఉక్కు అంచు పెట్టి, వేడి అచ్చులో నొక్కారు. బయటికొచ్చేసరికి నా ముక్కూ తోకా అచ్చం ఒక్కలాగే ఉన్నాయి. ఇలాంటివాళ్లను ట్విన్ అంటారు. కమ్మీలూ గెంతుదిబ్బలూ పెట్టిన మంచు పార్కులో ఆడేవాడు గాలిలోకి లేచి సగం తిరిగి వెనక్కి దిగుతాడు. అప్పుడు తోకే ముక్కవుతుంది. రెండూ ఒకేలా లేకపోతే ఆ తికమక అతని మోకాళ్లకు తెలుస్తుంది.

నడుము విషయంలో మాలో రెండు తెగలు. నేల మీద పెడితే మధ్యలో విల్లులా పైకి లేచి ఉండేది క్యాంబర్. మనిషి ఎక్కితే అణుగుతుంది, ఎగిరేటప్పుడు వెనక నుంచి తన్నినట్టు లేపుతుంది. ఊయల బల్లలా నడుము కిందా కొసలు పైనా ఉండేది రాకర్. దాని అంచు మంచులో చిక్కుకోవడం తక్కువ గనక కొత్తవాళ్లను ఊరికే పడెయ్యదు. కాని ఎగరాలంటే కాళ్లే కష్టపడాలి. నేను కలగలుపు సంతానాన్ని. పాదాల మధ్య క్యాంబర్, కొసల్లో కొంచెం రాకర్.

మా వంశం మరీ పాతదేం కాదు. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్లు ఆడుకుంటారని రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. మంచునీ సర్ఫింగునీ కలిపి ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. ముక్కుకో తాడు, అంతే. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లో తన పేరుతో బోర్డుల కంపెనీ పెట్టాడు. స్కేట్‌బోర్డుల లోకం నుంచి వచ్చిన టామ్ సిమ్స్ ఇంకోపక్క పోటీకి నిలిచాడు. స్కీల వాళ్లు మాత్రం మమ్మల్ని చాలాకాలం కొండెక్కనివ్వలేదు. ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ కొండల మీద మాకు ఇప్పటికీ ప్రవేశం లేదు. 1998లో నగానో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టాం. కమ్మీలూ గెంతుదిబ్బలూ ఉండే స్లోప్‌స్టయిల్, అంటే మా పార్కు ఆట, 2014లో సోచిలో చేరింది.

ఇక నా కథ. కొలరాడో కొండల్లో ఓ దుకాణం గోడకు నన్ను నిలబెట్టారు. నా పక్కన రంగురంగుల బోర్డులు. ఒకదాని మీద పులి, ఇంకోదాని మీద పుర్రె. నా మీద రెండు గీతలూ ఓ చుక్కా. వచ్చినవాళ్లు పులిని నిమిరేవాళ్లు, పుర్రెతో ఫోటో దిగేవాళ్లు, నన్ను దాటి పోయేవాళ్లు. ఓ సాయంత్రం మా ఖమ్మం కుర్రాడు కుంటుకుంటూ వచ్చాడు. రావడంతోనే, "బర్టన్ ఉందా?" అన్నాడు.

కుంటడానికి కారణం అంతకుముందు రోజు. రూమ్మేట్ "నాది తీసుకుపోరా, మంచి కంపెనీ" అని తన బోర్డు ఇచ్చాడు. అది 162, పైగా వైడ్, అంటే నడుము వెడల్పుది. ఆ అన్న తొంభై అయిదు కిలోల మనిషి, బూటు 12వ నంబరు. మోకాలి లోతు కొత్త మంచులో ఆ బోర్డు పడవలా తేలుతుంది. దాన్ని వేసుకుని మనవాడు కీస్టోన్ కొండ మీది ఏ51 పార్కుకు వెళ్లాడు. ఏనుగెక్కి తొక్కుడుబిళ్ల ఆడినట్టయింది. తిప్పుదామంటే తిరగదు. ఒక అంచు మీంచి ఇంకో అంచుకు వాల్చేలోపు కమ్మీ వచ్చేసింది.

దుకాణంలో తల నెరిసిన ఒకావిడ ఉండేది. కంపెనీ సంగతి పట్టించుకోకుండా మూడు ప్రశ్నలు అడిగింది. నీ బరువెంత? బూటు నంబరెంత? ఎక్కువసేపు ఎక్కడ ఆడతావు?

మనవాడు జవాబు చెప్పకుండా పులి బోర్డును తన పక్కన నిలబెట్టి, "గడ్డం దాకా వస్తే చాలంటారు కదా?" అన్నాడు.

"అది పాత లెక్క బాబూ. మంచుకు నీ ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది" అంది ఆవిడ.

అతను అరవై ఆరు కిలోలు. కొండంతా తిరిగేవాడైతే 154, 155 సరిపోతుందట. పార్కుకైతే అందులో మూడు నాలుగు తగ్గించుకోవాలట. పొట్టి బోర్డు గాలిలో తేలిగ్గా తిరుగుతుంది, కమ్మీ మీద చెప్పినమాట వింటుంది. దానికీ మూల్యం ఉంది, అదీ దాచకుండా చెప్పింది. వేగంగా వచ్చి పెద్ద దిబ్బ మీంచి దూకితే పొట్టిది వణుకుతుంది. లోతు మంచులో ముక్కు మునుగుతుంది. "ఎక్కువగా కమ్మీలూ పెట్టెలేనా, పెద్ద గెంతులా?" అనడిగింది. కమ్మీలేనన్నాడు. అప్పుడు ఆవిడ చెయ్యి మొదటిసారి నా మీద పడింది.

తర్వాత వెడల్పు. నన్ను నేల మీద పెట్టి నా నడుముకు అడ్డంగా అతని 9వ నంబరు బూటు పెట్టింది. నా నడుము ఇరవై అయిదు సెంటీమీటర్లు. బూటు రెండు పక్కలా కొద్దిగా బయటికొచ్చింది. అలాగే ఉండాలి. మరీ బయటికొస్తే వాల్చినప్పుడు బూటు ముక్కు మంచుకు రాసుకుని మనిషి బోర్లా పడతాడు. అసలు రాకపోతే అంచు మీద పట్టు చాలదు, నిన్నటి ఏనుగు మళ్లీ తయారవుతుంది. 11 దాటిన బూట్లవాళ్లు మాత్రం వైడ్ తీసుకోవాల్సిందే.

ఆఖర్న నా తోక నేలకు ఆనించి, నడుము మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. వంగాను. మెత్తదనానికి ఒకటి నుంచి పది దాకా అంకె వేస్తారు. నాది నాలుగు. పార్కుకు మూడు నుంచి అయిదు మధ్య బాగుంటుంది. "ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేదే. ఒకరి నాలుగు ఇంకొకరికి ఆరవుతుంది. చేత్తో వంచి చూసుకో" అంది.

"మరి కంపెనీ?" మనవాడి ప్రాణం అక్కడే ఉంది.

"తేడా లేదనను. ఎక్కడ ఉందో తెలిసి కొనుక్కో" అని ఆవిడ వరసగా చూపించింది. బర్టన్ బోర్డుల మీద మరల రంధ్రాల బదులు పొడవాటి గాడి ఉంటుంది. బూట్లను పట్టి ఉంచే నీ బైండింగులు దానికి సరిపోతాయో లేదో చూసుకోవాలి. లిబ్ టెక్ వాళ్ల ఉక్కు అంచు రంపపు పళ్లలా అలలు తిరిగి ఉంటుంది, గడ్డకట్టిన మంచును పట్టుకుంటుంది. నెవర్ సమ్మర్ ఇక్కడి డెన్వర్‌దే. ఒక్కో కంపెనీ దగ్గరా మెత్తనివీ ఉంటాయి, గట్టివీ ఉంటాయి. ఒక పేరు మంచిదైనంత మాత్రాన అందులో ప్రతిదీ నీకు మంచిది కాదు. పోయిన సీజన్ మోడలైతే బొమ్మ మారుతుందేమో గాని చాలాసార్లు చెక్క మారదు, ధర మాత్రం తగ్గుతుంది.

నేను పోయిన సీజన్‌దాన్నే. అలా అమ్ముడుపోయాను.

మొదటి శనివారం గుర్తుంది. తెల్లవారకముందే ఐ-70 రోడ్డు ఎక్కాం. మూడు వేల నాలుగు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం ముందు కార్లన్నీ తిరునాళ్ల బళ్లలా బారులు తీరాయి. పార్కు దగ్గర నారింజ రంగు కోడిగుడ్డు గుర్తు మీద చిన్నదా పెద్దదా అని అక్షరం వేసి ఉంది. చిన్నదాంట్లోకే వెళ్లాం. నేల మీద పడుకోబెట్టిన ప్లాస్టిక్ పెట్టె మీంచి నన్ను తిన్నగా పోనిచ్చాడు. చివరిదాకా వెళ్లాం. దిగగానే "అబ్బా!" అన్నాడు. దెబ్బ తగిలి కాదు, మొదటిసారి తగలనందుకు. రెండో జారుడుకు తగిలింది. కింద పడేటప్పుడు చెయ్యి ఆనించడం అందరికీ అలవాటే, మా ఆటలో మొదట బలయ్యేది మణికట్టే. మర్నాడే పోయి మణికట్టు కవచాలు తెచ్చుకున్నాడు. హెల్మెట్ ముందే ఉంది.

కమ్మీలు నన్ను ఊరికే వదల్లేదు. కొసల దగ్గర అంచుల పదును ఆకురాయితో ముందే తీయించాడు, లేకపోతే ఇనుములో చిక్కుకుంటాయి. అయినా రెండో ఏడు ఎడమ అంచు చిట్లింది. అడుగున గాట్లు పడ్డాయి. నా అడుగు ఎక్స్‌ట్రూడెడ్ రకం. సింటర్డ్ అంత వేగంగా జారదు గాని గాయాలు తొందరగా మానతాయి. ప్లాస్టిక్ పుల్ల వెలిగించి చుక్కలు చుక్కలుగా గాటులో పోస్తే చాలు, ఆరాక గీకేస్తారు. ఇస్త్రీపెట్టెతో మైనం పట్టించే రాత్రి మాత్రం నాకు తలంటు పోసుకున్న సుఖం.

నాలుగో శీతాకాలానికి మనవాడు డెబ్భై ఎనిమిది కిలోలయ్యాడు. పెద్ద దిబ్బల మీద మోజు కూడా పుట్టింది. నేను వణకడం మొదలుపెట్టాను. తప్పు అతనిదీ కాదు, నాదీ కాదు, త్రాసుది. కిందటి వారం ఓ 156 ఇంటికి వచ్చింది. నేను బాల్కనీలోకి మారాను.

ఇవాళ నన్ను చూడ్డానికి ఓ కుర్రాడొచ్చాడు. ఈమధ్యే చదువుకోడానికి వచ్చాడట, గుంటూరు యాస. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఏ కంపెనీది?" అనడిగాడు.

మావాడు నవ్వలేదు. లోపలికి వెళ్లి బరువు చూసుకునే మిషన్ తెచ్చి బాల్కనీలో పెట్టాడు.

"కంపెనీ తర్వాత చెప్తా తమ్ముడూ. ముందు దీనెక్కు. బూట్లు తెచ్చుకున్నావా?"

అరవై నాలుగు చూపించింది. బూటు తెచ్చి నా నడుముకు అడ్డంగా పెట్టారు. రెండు పక్కలా వేలి వెడల్పంత బయటికొచ్చింది. నేను కదలకుండా పడుకుని ఉన్నాను.