పెరటి వ్యాఖ్యాత

మెదక్ సమీపంలోని కుల్చారం, కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి స్వస్థలమని పండితులు భావిస్తారు. 14, 15 శతాబ్దాల కాలపు ఆ మహావ్యాఖ్యాత, మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ రెండు నియమాలు పెట్టుకొని మరీ కలం పట్టాడు. ఆ రెండు నియమాలనూ ప్రతి ఉదయం పళ్లు తోముకొనేలోపే ఉల్లంఘించే మరొక వ్యాఖ్యాతృ వర్గం అదే గడ్డమీద నేటికీ వర్ధిల్లుతున్నది. ఈ వర్గీయులు సాధారణంగా విశ్రాంత ఉపాధ్యాయులు, ఊరంతా సారు అని పిలిచేవారు, ఇంటి వెనుక నాలుగు బెండ మొక్కలు, ఒక చిక్కుడు పందిరి, ఒక నిమ్మ, ఒక మందారం గలవారు. వీరికి మూలగ్రంథం ఆకు. దానిమీద పడిన ప్రతి మచ్చకూ టీక, టీకకు మళ్లీ ఉపటీక సిద్ధంగా ఉంటాయి.

వీరి మొదటి లక్షణం రోగనిర్ణయంలో తొందర. మిరప ఆకు ముడుచుకొన్నదంటే రసం పీల్చే తామరపురుగు కారణం కావచ్చు, కంటికి ఆనని నల్లి కావచ్చు, వైరస్ కావచ్చు, ఒక్కోసారి రెండు రోజులు నీళ్లు పోయకపోవడమూ కావచ్చు. కాని సారు ప్రహరీ అవతలినుంచే, "గిది ముడత తెగులు బిడ్డా, మొన్ననే జెప్పిన గద" అని తీర్పు వెలువరిస్తారు. మొన్న ఆయన చెప్పినది పోషక లోపమని పక్కింటి కోడలికి గుర్తున్నా ఆమె ఆ మాట ఎత్తదు. ఎత్తితే అది వేరే కొమ్మ సంగతని మొదలయ్యే వివరణ పొయ్యిమీది పాలు పొంగేదాకా ఆగదు.

చికిత్స విషయంలో వీరికి అస్త్రాలంటే మక్కువ. సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన ప్రకృతి వ్యవసాయంలో వేపాకు, ఆవుపేడ, ఆవుమూత్రం కలిపి నానబెట్టేది నీమాస్త్రం, ఆవుమూత్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు వేసి మరిగించేది అగ్నిఅస్త్రం, రకరకాల చేదు ఆకులను నూరి ఉడికించేది బ్రహ్మాస్త్రం. ఆఖరి అస్త్రంగా పేరుపడ్డ బ్రహ్మాస్త్రాన్ని సారు బెండ ఆకు అడుగున కూర్చున్న పేనుబంక మీద, అంటే గుంపులు గుంపులుగా చేరి రసం పీల్చే మెత్తటి చిన్న పురుగు మీద, తొలి వారంలోనే ప్రయోగిస్తారు. అగ్నిఅస్త్రం మరిగే రోజున వాడకట్టు మొత్తం తుమ్ముతుంది, ఇంటి ఇల్లాలు మంచి గిన్నె పోయిందని వగచుతుంది, పేనుబంక మాత్రం పిల్లాపాపలతో క్షేమంగా ఉంటుంది. ఇందులో అస్త్రం లోపం కన్నా ఓపిక లోపమే ఎక్కువ. వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగును అక్కడికక్కడ కూల్చే విషం కాదు; అది పురుగుకు ఆకుమీద విముఖత కలిగించి, కుబుసం విడిచి ఎదిగే క్రమాన్ని చెడగొట్టి, నిదానంగా పనిచేస్తుంది, ఎండకు త్వరగా చెడిపోతుంది కాబట్టి పొద్దుగూకే వేళ చల్లాలి. సారుకు ఇదంతా కంఠస్థమే. అయినా సాయంత్రం చల్లిన మందు తెల్లవారేసరికి ఫలించలేదని, కోడి కూయకముందే టార్చిలైటు వేసి చూసి, వెంటనే పుల్లమజ్జిగకు మారిపోతారు.

ఈ వర్గంలో శాస్త్రం, పుణ్యం ఒకే పెరట్లో కాపురముంటాయి. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయనీ, దాన్ని తినవచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయనీ, అందుచేత చీమలను చెట్టెక్కకుండా ఆపడమే సగం వైద్యమనీ సారు ఎదురుపడిన వారందరికీ బోధిస్తారు; ఆ బోధ ముగించి, జీవహింస పాపమంటూ చిక్కుడు పాదు మొదట్లోనే చీమలకు పిండీ చక్కెరా చల్లుతారు. పార్శ్వనాథుని జైన క్షేత్రం ఉన్న ఊరిలో అహింసకు లోటు రాకూడదన్నది ఆయన వాదం. "మీ శాస్త్రం మీరే జూస్కోండ్రి, చిక్కుడుకాయ అంగట్లకెల్లి తెప్పిస్త" అన్న ఇల్లాలి మాటకు మల్లినాథుడైనా వ్యాఖ్య అవసరం లేదనేవాడు.

మిత్రపురుగులకు, అనగా పంటకు చేటుచేసే పురుగులను తిని మేలుచేసే వాటికి, ఈ పెరట్లో నూకలు తక్కువ. మందారం కొమ్మలమీద తెల్లటి దూదిపొరలా అంటుకొనే పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగుకు పిల్లదశలో అచ్చం పిండినల్లి రూపమే ఉంటుంది. సారు పాత టూత్‌బ్రష్‌తో రుద్దినప్పుడు పెద్దగా కదలని పిండినల్లి సందుల్లో మిగిలిపోతుంది, చురుకుగా తిరిగే మిత్రుడు ముందుగా కంటపడి ముందుగా పోతాడు. నిమ్మచెట్టు గొంగళికి మాత్రం ఇక్కడ రాజభోగం. చిన్నప్పుడు పక్షిరెట్టలా కనిపించడం వల్ల అది సారు దృష్టిని తప్పించుకొంటుంది. పచ్చగా బలిసి బయటపడే నాటికి, సీతాకోకచిలుక అయ్యే ప్రాణిని చంపడానికి ఆయనకు చేతులు రావు. చెట్టు మోడవుతుంది, వాడకట్టు పిల్లలు మాత్రం ఆయన వెంట నిలబడి గూడు చీల్చుకొని రెక్కలు ఆరబెట్టుకొనే చిలుకను చూస్తారు, బడిలో ఏ పాఠానికీ దక్కని నిశ్శబ్దం అక్కడ దక్కుతుంది.

పత్తిచేనులో మిగిలిన మోనోక్రోటోఫాస్ డబ్బాను ఎవరైనా ఇంటి వంకాయలకు కొడదామని పట్టుకొస్తే ఇదే మనిషి మరో మనిషవుతారు. కూరగాయలమీద ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం 2005లోనే నిషేధించిందని చెప్పి, ఆ డబ్బా వెనక్కి వెళ్లేదాకా వాకిట్లోనుంచి కదలరు. ఆయన వ్యాఖ్యలన్నింటిలోనూ మూలమూ అవసరమూ రెండూ ఉన్నది ఇదొక్కటే. విన్నవారు విసుక్కొంటారు గాని, కూర మాత్రం నిశ్చింతగా తింటారు.

కోతుల ముందు ఏ అస్త్రమూ పారదు. శనివారం హనుమంతునికి అరటిపండ్లు సమర్పించిన చేతితోనే ఆదివారం రాయి విసరవలసిరావడం సారును లోలోపల బాధిస్తుంది, అందుకే రాయి ఎప్పుడూ గురితప్పుతుంది. తెలంగాణ పల్లెల్లో చాలామందిలాగే ఆయన కూడా గోడమీద పులిబొమ్మ పెట్టారు. వారం తిరగకముందే ఒక పిల్లకోతి దాని వీపుమీద కూర్చొని జామకాయ తిన్నది. నిర్మల్ జిల్లాలో 2020లో కోతుల పునరావాస కేంద్రం ప్రారంభమైన సంగతి తెలిసినప్పటినుంచి, కుల్చారం కోతులను అక్కడికి పంపాలని కోరే అర్జీ ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది, కనబడిన ప్రతి అధికారికీ దాన్ని భావార్థసహితంగా వినిపిస్తారు.

అంగడిలోనూ ఈ వ్యాఖ్యానం ఆగదు. పుచ్చు ఉన్న వంకాయే మందు కొట్టని వంకాయ అన్నది సారు సిద్ధాంతం. కాయతొలుచు పురుగు లోపలికి చేరాక పైన కొట్టిన మందు దానికి తగలదు గనుక, రంధ్రమున్న కాయ పలుమార్లు మందు తాగినదే కావచ్చునన్న ఆక్షేపణను ఆయన పూర్వపక్షంగానైనా స్వీకరించరు. ఈ సిద్ధాంతాన్ని ఊళ్లో మనఃపూర్వకంగా ఒప్పుకొన్నది కూరగాయలమ్మే అవ్వ ఒక్కతే. ఆమె పొద్దున్నే పుచ్చు వంకాయలన్నీ ఏరి వేరే గంపలో దాచి, "మీకోసమే ఉంచిన సారూ" అంటూ కిలోకు ఐదు రూపాయలు ఎక్కువ తీసుకొంటుంది.