రెడ్మండ్ సిద్ధాంతి గారు

విండోస్ ఇక మన బదులు పనులు చేసిపెట్టే 'ఏజెంటిక్' ఓఎస్‌గా ఎదుగుతోందని మైక్రోసాఫ్ట్‌లో విండోస్ పెద్ద దావులూరి పవన్ గారు 2025 నవంబరులో ఎక్స్‌లో సెలవిచ్చారు. ఆ పోస్టు కింద జనం పెట్టిన శాపనార్థాలు మీరూ చదివే ఉంటారు. మనమూ ఓ మాట రాద్దామని కాఫీ తాగి వచ్చేసరికి రిప్లైలకు గడియ పడింది. కిటికీలని పేరు పెట్టుకున్న ఇంట్లో కిటికీ మూయడమేమిటని అడక్కండి. సిద్ధాంతి గారు మూయించి ఉంటారు.

ఏ సిద్ధాంతి అంటారా? రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ఆఫీసులో డిజైనర్లు లేరని, ఒక వాస్తు సిద్ధాంతి మాత్రమే ఉన్నాడని నాకు ఎప్పటినుంచో గట్టి నమ్మకం. పెద్ద కుర్చీలో మన హైదరాబాద్ నాదెళ్ల వారు, విండోస్ కుర్చీలో దావులూరి వారు. ఈ ఇంటిపేర్లు రెండూ కలిసిన చోట మూడోవాడు సిద్ధాంతి కాక ఇంకెవరవుతాడు? అద్దింట్లో దిగినా గేటు జరిపించందే పాలు పొంగించని జాతి మనది. నిజానికి ఆయన వీళ్ళకంటే ముందే చేరాడు. ఇంటిపేరే గేట్స్ అయిన యజమాని దగ్గర అలాంటివాడికి పని దొరకడంలో వింతేముంది?

మీ తెరను స్థలం అనుకోండి. పైన ఉత్తరం. 1995 ఆగస్టులో సింహద్వారాన్ని, అంటే స్టార్ట్ బటన్‌ని, కింద ఎడమ మూలన పెట్టారు. అది నైరుతి. నైరుతి గుమ్మం యజమానికి అరిష్టమని మా ఊరి తాపీమేస్త్రీ కూడా చెబుతాడు. అయినా జనం పదిహేడేళ్ళు అందులోంచే తిరిగారు. బయటికి పోవాలన్నా, అంటే యంత్రాన్ని ఆపాలన్నా, 'స్టార్ట్' అన్న గుమ్మమే ఎక్కాలి. దానికీ అలవాటుపడ్డారు. తీరా 2012లో విండోస్ 8 గృహప్రవేశానికి వెళ్ళి చూస్తే గుమ్మమే లేదు! దోషపరిహారంగా పూడ్చేశారు. గోడలు తడుముకుంటూ లబోదిబోమంటే, మరుసటి ఏడు 8.1లో గుమ్మం నిలబెట్టారు. తలుపు తీస్తే అవతల మెనూ లేదు, తెరంతా పరుచుకున్న అదే విండోస్ 8 హాలు. గుమ్మం వెనక పాత మెనూ కనబడేసరికి 2015 వచ్చింది.

హమ్మయ్య అనుకుంటుండగా 2021లో సిద్ధాంతి మళ్ళీ టేపు పట్టుకుని దిగాడు. విండోస్ 11. నైరుతి ద్వారం పనికిరాదన్నాడు. మంచిదే, ఎటు జరిపాడు? దక్షిణపు గోడ నడిమధ్యకి. అంటే యముడి వాకిటికి. కావాలంటే మళ్ళీ ఎడమకి తెచ్చుకోవచ్చులెండి, సెట్టింగ్స్‌లో గాలించే ఓపిక ఉంటే. దక్షిణం బరువుగా ఉండాలి కనుక టాస్క్‌బార్‌ని అక్కడే సిమెంటు పోసి బిగించాడు. పాత ఇళ్ళలో దాన్ని నాలుగు గోడల్లో దేనికైనా ఆనించుకునేవాళ్ళం.

కింద కుడివైపు ఆగ్నేయం, వంటగది. గడియారం, వైఫై, నోటిఫికేషన్లు అన్నీ అక్కడే కుతకుత ఉడుకుతుంటాయి. ఈశాన్యం దేవుడి మూల. అక్కడ ఇంటూ గుర్తు ఉంటుంది. దణ్ణం పెట్టామా, ఉన్న పని కాస్తా మాయం. ఇల్లంతటిలో వాస్తుకు సరిగ్గా నప్పింది రీసైకిల్ బిన్ ఒక్కటే. వాయవ్యంలో మరుగుదొడ్డి ఉండొచ్చు.

2024లో స్టార్ట్ మెనూలోకి యాప్‌ల ప్రకటనలు వచ్చి పడ్డాయి. వీధిపోటు! దానికి మాత్రం పరిహారం చెప్పలేదు, ఆ వీధిలోంచి డబ్బు వస్తుంది కాబట్టి. ఇక పొయ్యిలు రెండు. అత్తగారు కంట్రోల్ ప్యానెల్ 1985 నుంచి ఉంది, కోడలు సెట్టింగ్స్ 2012లో కాపురానికొచ్చింది. ఇన్నేళ్ళయినా తాళాలు పూర్తిగా చేతులు మారలేదు. కొన్ని పనులకు కోడల్ని అడిగితే కాసేపు కబుర్లు చెప్పి అత్తగారి గదిలోకి తోస్తుంది. రైట్ క్లిక్ చేస్తే ముందో వసారా, అందులో 'మరిన్ని ఆప్షన్లు' అనే తలుపు, దాని వెనక మీకు కావలసిన పాత గది.

ఈ ఇంటికి ఇప్పుడు ఏజెంటు వస్తాడట. ఏజెంటంటే ఎవరో మనకి ఒకరు చెప్పాలా? రవాణా శాఖ ఆఫీసు ముందు చెట్టుకింద కుర్చీ వేసుకునే పెద్దమనిషి. లోపలి కౌంటరు ఎవరికీ అంతుపట్టకపోవడమే ఆయన జీవనాధారం. అక్కడ ఏజెంటు వేరు, కౌంటరు వేరు. ఇక్కడ కౌంటరును చిక్కుముడి చేసినవాళ్ళే బయటికొచ్చి కుర్చీ వేసుకుంటున్నారు.

జనం పడే ఈ అవస్థ వాళ్ళకి తెలియక కాదు. అయినా 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ముగించారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదని, ప్రాసెసర్ పాతదని, నిక్షేపంలా నడుస్తున్న యంత్రాలను కొత్తింటి గడప తొక్కనివ్వలేదు. నెల తిరక్కముందే ఈ ఏజెంటు కబురు. నెట్ సెంటర్లో ప్రింట్లు తీసే అమ్మాయి, మీసేవలో అర్జీలు ఎక్కించే కుర్రాడు, పెన్షన్ పనికి ఏది తర్వాత ఏది నొక్కాలో నోటుబుక్కులో బొమ్మగీసి రాసుకున్న రిటైర్డ్ పంతులు: వీళ్ళెవరూ మెనూ చదువుకుంటూ కూర్చోరు. ఎటు పోవాలో చేతికి తెలుసు. ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళకి ఆ చోటే అక్షరం. రెడ్మండ్ వారూ, మీరు బటన్ జరిపిన ప్రతిసారీ వాళ్ళు కష్టపడి నేర్చుకున్న చదువును చెరిపేస్తున్నారు. చెరిపాక వాళ్ళనే చేతకానివాళ్ళని చేసి, మీ బదులు ఏజెంటు చేస్తాడులే అంటున్నారు. ఎవరడిగారండీ మిమ్మల్ని?

దావులూరి వారూ, ఏజెంటు సంగతి తర్వాత. ఆ కింది పట్టీని ఎడమ గోడకి జరుపుకోనివ్వండి. 1995లోనే ఇచ్చారు కదా.