రూటన్న

అడవిలో దారి తప్పడం ఎవరికైనా చేతనవుతుంది. తప్పిన సంగతి వెనకొచ్చే పన్నెండు మందికీ తెలియనివ్వకుండా అదే వేగంతో ముందుకు పరిగెత్తడం మాత్రం రూటన్నకే చెల్లింది.

హైదరాబాద్‌లో ఏ రన్నింగ్ గ్రూపు తీసుకున్నా ఒక రూటన్న ఉంటాడు. అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు వేరు, మెడల్స్ పోగేసేవాడు వేరు. పరిగెత్తేదానికన్నా ఎక్కువ ఫొటోలు దిగేవాడు సరేసరి. రూటన్న పని దారులు కనిపెట్టడం. వయసు నలభై అయిదుకు అటూ ఇటూ. కంపెనీలో పెద్ద ఉద్యోగమే. ఒకప్పుడు డాక్టరు షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ కాస్త నడవండి అన్నాడట. కాస్తంటే ఎంతో ఆ రోజే చెప్పి పుణ్యం కట్టుకోలేదని వదినకు ఆ డాక్టరు మీద ఇప్పటికీ కోపం.

మొదట కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగాడు. తర్వాత నెక్లెస్ రోడ్డు. ఆ పైన ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాడు. అంతటితో తారురోడ్డు మీద పరిగెత్తేవాళ్లంటే జాలి మొదలైంది. ఇప్పుడు ఆయన కాలికి మట్టి తగలాలి, చెవిన పిట్ట కూయాలి, వాచీకి శాటిలైట్ అందాలి. మూడోది అందకపోతే మొదటి రెండూ జరగనట్టే.

ఆయన ఏలుబడి వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టలు. నగరం నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. టేకు, మోదుగ, తునికి, మధ్యలో సీతాఫలం పొదలు, వాగులు, లోయలు. మూసీ పుట్టేది ఇక్కడే. 1908లో హైదరాబాద్‌ను ముంచెత్తిన నది ఇదేనా, చాదర్‌ఘాట్ దగ్గర మనం ముక్కు మూసుకుని దాటేది ఇదేనా అని కొత్తవాళ్లు నోళ్లు తెరుస్తారు. ఆ నోళ్లు తెరిచిన క్షణం కోసమే రూటన్న ప్రతిసారీ అక్కడ ఆపుతాడు. వాచీని కూడా పాజ్ చేస్తాడు. ఆశ్చర్యపోయిన సమయం సగటు వేగంలో కలవకూడదు కదా.

శనివారం రాత్రి గ్రూపులో మెసేజ్ పడుతుంది: "రేపు 3.30కి అప్పా జంక్షన్. 18 కి.మీ. ఈజీ రూట్. ఒక్కటే చిన్న ఎక్కుడు."

రూటన్న సంగతి తెలియనివాళ్లు ఇది నమ్మి వస్తారు. తెలిసినవాళ్లం తెలిసే వస్తాం. చిన్న ఎక్కుడంటే రెండు చేతులూ మోకాళ్ల మీద వేసి ఎక్కాల్సింది. "కొంచెం టెక్నికల్" అంటే రాళ్ల మీద కూర్చుని జారాల్సింది. "ఇక్కణ్ణుంచి అంతా డౌనే" అన్నాడంటే సోమవారం ఆఫీసులో మెట్లు దిగలేం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేయాలి కాబట్టి ఎక్కినప్పటికన్నా దిగినప్పుడే ఎక్కువ దెబ్బతింటాయని వివరిస్తాడు. అదీ కిందికి దిగేశాక.

ఎన్నింటికి ముగుస్తుందని అడిగితే నైస్మిత్‌ను పిలుస్తాడు. స్కాట్లండ్‌లో కొండలెక్కిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క అది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నడిచేవాళ్ల కోసం చెప్పిన ఈ లెక్కను రూటన్న పరుగు కోసం కత్తిరించి "ఎనిమిదింటికల్లా టిఫిన్" అని తేలుస్తాడు. పాపం నైస్మిత్‌కు అక్టోబరు నెల అనంతగిరి తెలియదు. సీతాఫలం చెట్టు కింద ఆగిన పన్నెండు మందిని కదిలించడానికి ఎంత సేపు కలపాలో ఆయన చెప్పలేదు.

ఊరివాళ్లు ఎదురైనప్పుడు మాత్రం రూటన్నకు కాస్త ఇబ్బంది. ఒంటి మీద నీళ్ల గొట్టాలున్న వెస్టు, అందులో జెల్ ప్యాకెట్లు, ఉప్పు మాత్రలు, మెడలో విజిల్, నుదుటికి లైటు. ఒకసారి కట్టెల మోపుతో ఒక అవ్వ ఎదురైంది.

"ఏమైంది బిడ్డా, గిట్ల ఉరుకుతున్నరు? ఎవరన్న తరుముతున్నరా?"

"లేదవ్వా, ఆరోగ్యం కోసం."

అవ్వ మమ్మల్ని వరసగా చూసింది. "మంచిగనే ఉన్నరు గదా" అని, మేం మూడుచోట్ల ఆగి ఎక్కిన గుట్టను ఆ మోపుతోనే ఎక్కడా ఆగకుండా ఎక్కిపోయింది. కాళ్లకు హవాయి చెప్పులు. రూటన్న వాచీ చూసుకుని ఆమె వేగం లెక్కగట్టాడు. ఎంతని అడిగితే చెప్పలేదు.

ఈ అడవిలో రూటన్న కనిపెట్టాననే ప్రతి దారీ అంతకుముందే ఎవరో పనికి పోయే దారి. తునికాకు కోసేవాళ్లు ఎండాకాలంలో తొక్కినదొకటి, గొర్లు నీళ్లకు దిగేదొకటి. ఆయన వాటి మీద ఒకసారి పరిగెత్తి, గీతగా మార్చి, పేరు పెట్టి, ఫైలు చేసి పంచుతాడు. కొలంబస్ కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ చేయలేదని నా అనుమానం. కానీ కొలంబస్ వెనక వెళ్లినవాళ్లకు జీతాలిచ్చారు.

శ్రావణంలో జరిగిన సంగతి చెప్పాలి. వారం ముందు నుంచే రూటన్న ఊరిస్తున్నాడు. శాటిలైట్ మ్యాపులో లోయ పొడుగునా కొత్త దారి కనబడిందట, తెల్లగా, వెడల్పుగా, ముళ్లకంప లేకుండా. ఇంత మంచి దారి ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకపోవడమేమిటని ఆయనకే ఆశ్చర్యం. గుట్ట దిగి, టేకు చెట్లు దాటి, మలుపు తిరిగాం. ఎదురుగా వాగు. బురదనీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. మ్యాపులో ఫొటో ఎండాకాలంలో తీసింది. తెల్లగా మెరిసింది ఇసుక.

అందరం రూటన్న వైపు చూశాం. ఆయన వాచీ వైపు చూశాడు.

"మనం దారి మీదే ఉన్నాం," అన్నాడు.

"అన్నా, నీళ్లు."

"దారి కరెక్టే. నీళ్లే ఎక్కువున్నాయి."

ఒకడు షూస్ విప్పబోయాడు. ఇంతలో అవతలి గట్టు మీద మేకలు కనబడ్డాయి, వాటి వెనక గొంగడి కప్పుకున్న తాత. ఈ మేకలు అటు ఎలా వెళ్లాయన్నది ఆ క్షణంలో మాకందరికీ తట్టిన ప్రశ్న. తాత కర్ర ఎత్తి పైకి చూపించాడు. కొద్దిగా ఎగువన వాగు బండల మధ్య సన్నబడింది. మడమ తడవకుండా దాటాం. తాతకు దండం పెట్టి, రూటన్న ఒక జెల్ ప్యాకెట్ ఇచ్చాడు. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేకలకు పెట్టొచ్చా అని అడిగాడు.

సాయంత్రానికి ఫైలు వచ్చింది. పేరు: "అప్పర్ క్రాసింగ్ - కొత్త రూట్." కింద అరవై చప్పట్ల బొమ్మలు.

పరుగు ముగిసినా ముగియదు. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో శాటిలైట్ సంకేతాలు బలహీనపడి, రాళ్లకు తగిలి తిరిగొచ్చి వాచీని తికమక పెడతాయి. ఇసుమంత వంకర లేకుండా పరిగెత్తిన దారి తెర మీద కల్లు తాగినవాడి నడకలా కనబడుతుంది. అందుకని వాచీ దూరాన్ని నమ్మకూడదని రూటన్నే చెబుతాడు. చెప్పి, అది 17.82 చూపిస్తే, 18 పడేదాకా పార్కింగ్‌లో కార్ల చుట్టూ తిరుగుతాడు. అందరూ ఇడ్లీ ముందు కూర్చుని ఆయన ప్రదక్షిణలు చూస్తుంటాం.

ఇంట్లో సంగతి వదిన నోటే వినాలి. "అడవిలో ముప్పై కిలోమీటర్లు ఉరుకుతాడు. వీధి చివర కరివేపాకు తెమ్మంటే స్కూటర్ తాళం వెతుకుతాడు."

మొన్నటి మెసేజ్ మాత్రం కొంచెం పొడుగ్గా ఉంది. అనంతగిరి నుంచి మూసీ వెంట, గండిపేట మీదుగా, బాపూఘాట్ దగ్గర ఈసీ కలిసే చోటు దాటి, నగరం మధ్య నుంచి, నల్గొండ జిల్లా వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా. దాదాపు 240 కిలోమీటర్లు, కొన్ని విడతల్లో. "ఈజీ రూట్. నది పల్లానికే పోతుంది కాబట్టి అంతా డౌనే."

హైదరాబాద్‌లో ఆ నది పక్కన ఊపిరి ఎలా పీల్చాలన్నా అని ఒకరు రాశారు. ఆ విడత తెల్లవారుజామున పెట్టానని, చలిగాలికి వాసన తెలియదని జవాబు. ఇంకొకరు ఇది పిచ్చి అన్నారు. ఇంకొకరు మోకాలి ఎక్స్‌రే పెట్టారు. ఒక అరగంట ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత, ఎవరో నేను చెప్పను గానీ, ఒకరు టైప్ చేశారు:

"అన్నా, మొదటి రోజు కారు ఎక్కడ పెట్టాలి?"