'ఏదో ఒకటి' కూర

రాత్రి ఏడున్నర. ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బ్యాగైనా దించని ఇల్లాలు అడుగుతుంది: "ఏం వండమంటారు?" సోఫాలోంచి, ఫోన్ మీంచి తలెత్తకుండా జవాబు: "ఏదో ఒకటి."

రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఇన్నేళ్లయినా ఆ కూర మాత్రం ఒక్క దుకాణంలోకీ దిగలేదు.

సరే, దొండకాయ? "మొన్నేగా!" సొరకాయ? "నాకేమన్నా జ్వరమా?" పప్పుచారు? "మళ్లీనా!" ఉప్మా పేరెత్తగానే పిల్లల వాకౌట్. (రవ్వ చేసిన పాపమేమిటో!) అఖిలపక్షం ముగిసేసరికి ఎనిమిదిన్నర. నానబెట్టని కందిపప్పు కుక్కర్‌లో ఆరో విజిల్‌కీ బెట్టు వదల్లేదు.

చివరికి వేడన్నం, ఆవకాయ, తలో ఆమ్లెట్. అయ్యగారు వేళ్లు నాకుతూ, "ఇదేదో ముందే చేసుంటే పోయేదిగా!" అన్నారు.

అట్లకాడ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.